బరువు మోయని గోడ

చేతిలో టేపు, చెవి మీద పెన్సిలు పెట్టుకుని వచ్చిన ఇంటీరియర్ కుర్రాడు మా అమ్మ స్టోరు రూము గోడని వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి చూశాడు. తల ఊపి, సున్నం మీద పెన్సిలుతో పెద్ద ఇంటూ మార్కు పెట్టాడు. "నాలుగున్నర అంగుళాల గోడ సార్. బరువు మోసే గోడ కాదు. ఒక్క పూటలో తీసేస్తాం" అన్నాడు మా అన్నయ్యతో. అమ్మ అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. అతను మాత్రం సార్‌తోనే మాట్లాడుతున్నాడు.

బరువు మోసే గోడ కాదట! ఇంజనీరింగ్ లెక్కలో అది నిజమే కావచ్చు. స్లాబు బరువంతా స్తంభాలూ దూలాలూ మోస్తాయి. ఆ గోడ ఏ బరువు మోసిందో చెప్పమని అతను అడగలేదు. అడిగినా చెప్పడానికి అమ్మకి అలవాటు లేదు. అందుకే నేను చెప్పదలచుకున్నాను.

నాన్న 1996లో నల్లకుంటలో కొన్న ఫ్లాట్ అది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు. వంటింటికీ చిన్న పడగ్గదికీ మధ్య అయిదున్నర అడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న స్టోరు రూము. దానికి రెండు వైపులా కింది నుంచి పైదాకా కడప బండ అరలు, తలుపు మీద సజ్జ. నాన్న 2022లో పోయారు. అమ్మ మోకాళ్ళు మూడంతస్తులు ఎక్కనంటున్నాయి. ఫ్లాట్ అమ్మేసి అమ్మ అన్నయ్య దగ్గరికి వెళ్ళాలని అందరం అనుకున్నాం. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ బ్రోకరుతో మొదలైంది. "ఈ రోజుల్లో స్టోరు రూము ఎవరడుగుతున్నారు సార్? గది పెద్దగా కనబడాలి. చిన్న బెడ్‌రూము పది బై పదకొండే. స్టోరు కలిపేసుకుంటే మాస్టర్ బెడ్‌రూము లుక్కొస్తుంది. ఆ గోడ అలమరాలు కూడా తీయించేస్తే ఫోటోల్లో ఇంకా పెద్దగా కనిపిస్తుంది" అన్నాడు. లక్షన్నర ఖర్చు పెడితే మూడు నాలుగు లక్షలు ఎక్కువ పలుకుతుందని అతని లెక్క. అన్నయ్య చెడ్డవాడు కాదు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి "నువ్వేమంటావే?" అని అడిగాడు. గోడ మీద ఇంటూ మార్కు పడిన తర్వాత అడిగాడు, అంతే తేడా.

సాహిత్యంలో డాక్టరేట్ చేసి స్టోరు రూము గురించి వ్యాసం రాస్తావా అని ఒక మిత్రుడు నవ్వాడు. పాతికేళ్ళుగా మనం శరీరం గురించీ, వంటిల్లు గురించీ, పేరు గురించీ రాస్తూనే ఉన్నాం. అప్పుడు కూడా ఇలాగే నవ్వారు. కాబట్టి ఆ నవ్వుని పక్కన పెట్టి ముందు లెక్కలు చూద్దాం. ఆడవాళ్ళు భావోద్వేగంతో మాట్లాడతారు, లెక్క చెప్పరు అన్న మాట ఎలాగూ వస్తుంది కదా.

చిన్న పడగ్గది 110 చదరపు అడుగులు. స్టోరు రూము 33. రెండూ కలిపితే 143. చూడ్డానికి బాగానే ఉంది. ఇప్పుడు స్టోరు రూము చేస్తున్న పని చూడండి. అరల లోతు అడుగుంపావు. పొడవు ఆరడుగులు, ఎత్తు తొమ్మిదడుగులు, అలాంటివి రెండు వైపులా. సజ్జని లెక్కలోకి తీసుకోకుండానే 135 ఘనపుటడుగుల చోటు అది. ఇంత చోటు వార్డ్‌రోబులో కావాలంటే రెండడుగుల లోతు, ఏడడుగుల ఎత్తున్నది దాదాపు పది అడుగుల పొడవున ఉండాలి. అంటే గదిలో ఒక గోడ మొత్తం. నేల మీద అది ఆక్రమించేది 19 చదరపు అడుగులు. తలుపులు తెరుచుకుని ముందు నిలబడడానికి మరో 19. మొత్తం 38. అంటే 33 అడుగుల గదిని తీసేసి, ఆ గది చేసే పనికి 38 అడుగులు ఇస్తున్నాం. నిలబడే చోటు నడిచే చోటుతో కలిసిపోతుంది కదా అంటారేమో. మంచం వేశాక చెప్పండి. రెండు వార్డ్‌రోబు తలుపులు ఒకేసారి తెరవలేక, ఒకటి మూసి ఇంకొకటి తెరుస్తూ, పిల్లల యూనిఫాం వెతికే మనిషిని అడగండి.

ఇంకో సంగతి. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 2016లో వచ్చినప్పుడు కార్పెట్ ఏరియాకి నిర్వచనం ఇచ్చింది. దాని ప్రకారం బయటి గోడలు లెక్కలోకి రావు గాని లోపలి అడ్డగోడలు ఆక్రమించిన చోటు కూడా లెక్కలోకి వస్తుంది. అంటే స్టోరు రూము గోడ ఉన్నా, తీసేసినా కార్పెట్ ఏరియా ఒక్క అంగుళం కూడా మారదు. మా దస్తావేజులో రాసిన ప్లింత్ ఏరియా కూడా మారదు. మరి ఆ మూడు నాలుగు లక్షలు దేనికి? చోటున్నట్టు కనబడుతున్నందుకు! ఖాళీ గదిని ఫోటో తీస్తారు, ఖాళీ గదిలో అమ్ముతారు. ఆ తర్వాత దాన్ని నింపాల్సిన మనిషి ఫోటోలో ఉండదు. అమ్మేవాళ్ళకి లాభం ఒక్కసారి వస్తుంది. ఆ ఇంట్లో సర్దేదానికి నష్టం రోజూ ఉంటుంది.

ఇది బ్రోకరు ఒక్కడి తెలివి కాదు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చూడండి. అందులో వంటిల్లు కనీసం 5 చదరపు మీటర్లు ఉండాలి. విడిగా స్టోరు రూము ఉంటే వంటింటిని 4.5కి తగ్గించుకోవచ్చు. స్టోరుకి చోటిచ్చావా, అయితే వంటిల్లు కోసేయ్! వంటిల్లు, స్టోరు, రెండూ ఆమె పని చేసే చోట్లే. ఆమెకి కుడిచేత్తో ఇచ్చినదాన్ని ఎడమచేత్తో ఆమె దగ్గరే వసూలు చేయడం అంటే ఇదే. హాలు మాత్రం ఎవరికీ ఏమీ బాకీ పడదు. మా బ్రోకరు చేసింది ఇంకా ఘనమైన పని. వంటింటికి ఏమీ కలపకుండా స్టోరు మొత్తాన్ని పడగ్గదికి ఇచ్చేశాడు.

ఇల్లు చూడడానికి నెల రోజుల్లో పదకొండు కుటుంబాలు వచ్చాయి. ఆదివారాలు నేనూ వెళ్ళి కూర్చున్నాను. మగవాళ్ళు హాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి అంగలు వేసి కొలిచారు. టీవీ ఏ గోడకి పెట్టాలో చూశారు. కారు పార్కింగ్ అడిగారు. నైరుతి ఎటో చూశారు. బీరువాకి నైరుతి మూల కావాలంటుంది వాస్తు. డబ్బుకి దిక్కు చూపించిన శాస్త్రం, ఆ ఇంట్లో ఒక ఆడమనిషి తన కాగితాలు పెట్టుకునే మూల గురించి ఒక్క ముక్క చెప్పగా నేను వినలేదు. వచ్చిన ఆడవాళ్ళు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, పక్కనున్న తలుపు తోసి చూశారు. "అబ్బ, స్టోరుందండీ!" అన్నారు ముగ్గురు. ఒకామె లోపలికెళ్ళి కడప బండ మీద చెయ్యి వేసి ఊరికే నిలబడింది. బయటి నుంచి భర్త "ఏం చేస్తున్నావక్కడ, బాల్కనీ చూద్దాం రా" అని పిలిచాడు. ఆమె వెళ్ళిపోయింది. తిరిగి బ్రోకరుతో మాట్లాడింది ఆయనే. స్టోరు రూములెవరూ అడగడం లేదని బ్రోకరు అన్నది ఎందుకో నాకప్పుడు అర్థమైంది. అడిగేవాళ్ళతో అతనెప్పుడూ మాట్లాడలేదు.

ఇంతకీ ఆ గదిలో ఏముందో చూద్దామని ఒకరోజు అమ్మా నేనూ కూర్చుని జాబితా రాశాం. "అమ్మ సామాను" అని మేమందరం ఎప్పుడూ విసుక్కున్న సామాను అది. అన్నయ్య ఇంజనీరింగ్ పుస్తకాలు రెండు పెట్టెలు. అతని క్రికెట్ బ్యాటు. నాన్న ఆఫీసు ఫైళ్ళు, ఆఖరి రెండేళ్ళ ఆస్పత్రి కాగితాలు. నా థీసిస్ చిత్తుప్రతులు, నేను మర్చిపోయిన సంచి ఒకటి. వదిన పురిటికొచ్చినవాళ్ళు వదిలి వెళ్ళిన ఉయ్యాల. బంధువులొస్తే పరిచే పరుపులు, బొంతలు. పెళ్ళిళ్ళకి తీసే కాగులు, ఇత్తడి బిందెలు, జాడీలు. బియ్యం డ్రమ్ము. ఇవన్నీ రాశాక అచ్చంగా అమ్మవి ఏవని వెతికితే ఒకే ఒక్క అరలో సగం. స్టీలు డబ్బా వెనక ఒక పాస్ బుక్కు, టీచర్ ట్రైనింగ్ సర్టిఫికెట్టు, చిన్నప్పటి స్నేహితురాలి ఉత్తరాలు, అమ్మమ్మ కళ్ళజోడు. 135 ఘనపుటడుగుల్లో ఆవిడ వాటా అంతే. మిగిలిందంతా మా అందరి బరువు. బరువు మోయని గోడ అన్నాడు ఆ కుర్రాడు!

ఆ గదికి లోపలి వైపు గడియ ఉంది. చిన్నప్పుడు నేనెప్పుడూ ఆలోచించలేదు గాని, మా ఇంట్లో అమ్మ గడియ వేసుకోగల గది బాత్‌రూము కాక అదొక్కటే. పడగ్గది నాన్నది కూడా, హాలు ఊరందరిదీ. మధ్యాహ్నం పూట బియ్యం డ్రమ్ము మీద కూర్చుని వారపత్రికలో సీరియల్ చదివేది. అమ్మమ్మ పోయిన ఏడాది ఆ గదిలోంచి బయటికొచ్చినప్పుడల్లా అమ్మ కళ్ళు ఎర్రగా ఉండేవి, మిరపకాయల ఘాటనేది. నేను పెద్దమనిషినైనప్పుడు కింది అరలో ఒక పాత డబ్బా నాకిచ్చి "ఇది నీది, ఎవరూ తీయరు" అంది. ఈ ఇంట్లో నాదంటూ ఒకటి ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఆ డబ్బాతోనే. పిల్ల సిగ్గుపడేదాన్ని దాచడానికి ఇచ్చారని ఇప్పుడు నేను విమర్శించగలను. నిజమే, దాచాల్సిన అవసరమే ఉండకూడదు. కానీ దాచుకునే చోటు లేకుండా చేయడం ఆ సిగ్గుకి విరుగుడు కాదు.

మన ఆడవాళ్ళకి తాళం వేసుకోగల ఆస్తి బీరువా ఒక్కటే అయిన కాలం ఒకటి ఉంది. సారెతో పాటు బీరువా వచ్చేది. అది కట్నకానుకల్లో భాగం, దాని మీద నాకేమీ మమకారం లేదు. కానీ ఒక తేడా చూడండి. బీరువా ఆమెతో వచ్చింది, ఆమె పేరు మీద చెప్పుకునేవారు, గొడవై వెళ్ళిపోతే వెనక్కి అడగొచ్చు. గోడకి బిగించిన వార్డ్‌రోబు ఇంటిది. ఇల్లెవరిదైతే అదీ వాళ్ళదే. ఇల్లు అమ్మితే దానితో పాటే పోతుంది. ఆధునికమైన ఇంట్లో ఆమె అరలు పెరిగాయేమో గాని తాళంచెవి పోయింది.

1929లో వర్జీనియా వుల్ఫ్, స్త్రీ రాయాలంటే ఏడాదికి అయిదు వందల పౌండ్ల ఆదాయమూ, తాళం వేసుకోగల సొంత గదీ కావాలని వాదించింది. మనందరం ఆ మాటని ఎన్ని సదస్సుల్లో చెప్పుకున్నామో లెక్కలేదు. నేనూ చెప్పాను. కానీ పరిశోధన కోసం ఊళ్ళు తిరిగినప్పుడు నాకు ఎదురైంది వేరు. గదిలేని ఆడవాళ్ళు కూడా రాశారు. రాసింది నిలబడిందా లేదా అన్నది, దాన్ని పెట్టుకోవడానికి ఒక పెట్టె ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడింది. 1902లో మొదలైన 'హిందూసుందరి', 1928లో కేసరి గారు మద్రాసులో మొదలుపెట్టిన 'గృహలక్ష్మి' లాంటి పత్రికల కోసం నేను గ్రంథాలయాల్లో తిరిగాను. అక్కడ దొరకని సంచికలు కొన్ని ఒక ఇంటి అటక మీది ట్రంకు పెట్టెలో, పట్టుచీరెల కింద దొరికాయి. అత్తగారు దాచుకున్నవని ఆ ఇంటి కోడలు తీసి ఇచ్చింది. ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకి ఇస్తున్నారట, ఇంకో నెల ఆగి వెళ్ళుంటే తూకానికి పోయేవి. నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఆ అటక పెట్టిన భిక్ష. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఆడవాళ్ళ జ్ఞాపకాల్లోంచి రావలసి వచ్చింది. వాళ్ళ కాగితాలకి ఎవరూ అరలు కేటాయించలేదు మరి. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో పేరు మర్చిపోయిన ఇల్లాలు, దాన్ని వెతుక్కుంటూ పుట్టింటికి బయల్దేరుతుంది. మనం ఇప్పుడు కట్టుకుంటున్న ఇళ్ళలో అలా వెతుక్కోవడానికి ఒక చీకటి మూలైనా మిగలడం లేదు.

ఇంతవరకూ అన్నయ్యనీ బ్రోకర్‌నీ అన్నాను. ఇక నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధం అవుతుంది. అయిదేళ్ళ క్రితం మియాపూర్‌లో మేం ఫ్లాట్ కొన్నప్పుడు, రెండో పడగ్గదిలో గోడ అలమరానీ సజ్జనీ పగలగొట్టించింది నేనే. నాకు రాసుకునే గది కావాలి! బల్ల పట్టాలి, పుస్తకాలు పట్టాలి, కిటికీ పక్కన కుర్చీ ఉండాలి. వుల్ఫ్ పేరు చెప్పి మరీ సాధించుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి ఆ సజ్జ మీది సామానంతా మంచాల కిందికి చేరింది. ఇప్పుడు మా మంచాల కింద పదకొండు డబ్బాలున్నాయి. రోజూ ఊడ్చడానికి వచ్చే ఆమె ఆ పదకొండూ బయటికి లాగి, ఊడ్చి, మళ్ళీ లోపలికి తోస్తుంది. నేను నా గదిలో కూర్చుని స్త్రీల అదృశ్య శ్రమ గురించి రాస్తుంటాను. నా గది పెరిగింది, ఆమె నడుము వంగింది.

ఆమె తన సంచి తగిలించుకోవడానికి ఒక మేకు కొట్టించమని ఏడాది కిందట అడిగింది. ఆ మేకు కొట్టించింది ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాకే. అప్పటిదాకా ఆ సంచి చెప్పుల స్టాండు మీద ఉండేది. మా ఇళ్ళలో ఆమె తాకే వస్తువులన్నిటికీ చోటుంది, ఆమె వస్తువుకి తప్ప. ఇందులో స్త్రీ అన్న మాట ఒక్కటే చాలదని, కులమూ వర్గమూ కూడా ఆ చెప్పుల స్టాండు మీదే ఉన్నాయని దళిత స్త్రీలు మనకి ఎప్పుడో చెప్పారు. ఆమెకి ప్రభుత్వం ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇల్లు ఉంది. 560 చదరపు అడుగులు. ఆ పథకం పేరులోనే గదుల లెక్క ఉంది, చూడండి. "రెండు బెడ్‌రూములున్నయి మేడం, మంచిగనే ఉన్నది. బియ్యం బస్తా మాత్రం మంచం కిందనే" అంది నవ్వుతూ. గది లెక్కపెట్టడం ప్రభుత్వానికి వచ్చు, మార్కెట్‌కి వచ్చు, నాలాంటి స్త్రీవాదికీ వచ్చు. అర లెక్కపెట్టడం ఎవరికీ రాలేదు.

సామానెందుకు, తగ్గించుకోవచ్చు కదా అనే వాదన ఒకటుంది. మేరీ కోండో పుస్తకం 2014లో ఇంగ్లీషులోకి వచ్చాక ఇది మన ఇళ్ళలోకీ వచ్చింది. ఏ వస్తువు చేతిలోకి తీసుకుంటే సంతోషం కలుగుతుందో అదే ఉంచుకోమంటారు. బంధువుల పరుపులు ఎవరికి సంతోషం? నాన్న ఆస్పత్రి ఫైళ్ళు ఎవరికి సంతోషం? అవి ఇంట్లో ఉన్నది సంతోషం కోసం కాదు, ఎప్పుడో ఎవరో అడిగితే "ఎక్కడ పెట్టావ్?" అన్న ప్రశ్నకి అమ్మ జవాబు చెప్పాలి కాబట్టి. ఆ ప్రశ్న మనం మానేస్తే అమ్మ కూడా సామాను మానేస్తుంది. బంధువులు నేల మీద పడుకోరు, కోడలు పరుపుల్లేవంటే ఊరుకోరు, గది మాత్రం ఖాళీగా కనబడాలి!

ఇప్పుడు పది నిమిషాల్లో సరుకులు గుమ్మంలోకి వస్తున్నాయి, ఏడాది సరుకు ఇంట్లో పెట్టుకునే కాలం పోయిందని ఇంకో వాదన. నిజమే, అమ్మ కూడా ఏడాది మిరపకాయలు కొనడం మానేసింది. కానీ స్టోరు రూము మాయమైపోలేదు, వీధి చివరికి మారింది. అందులోంచి తీసి తెచ్చే కుర్రాడు మూడంతస్తులూ ఎక్కుతున్నాడు. ఏది అయిపోయిందో గుర్తు పెట్టుకుని ఫోన్‌లో నొక్కే పని మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. పైగా ఇంటికి వచ్చేది పప్పూ ఉప్పే. పరుపులూ ఫైళ్ళూ ఉయ్యాలా ఏ యాప్ దాచిపెడుతుంది?

అన్నయ్యకి ఇదంతా చెప్పలేదు. ఒక్కటే చెప్పాను. "అన్నయ్యా, నాన్న వీలునామా రాయలేదు. ఈ ఫ్లాట్ ఆయన స్వార్జితం. అమ్మకీ నీకూ నాకూ తలా మూడో వంతు. నా మూడో వంతు గోడని పగలగొట్టడానికి నేను ఒప్పుకోను." అన్నయ్య బిత్తరపోయాడు. ఆడపిల్లలకి హక్కు 2005లో వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి. మన దగ్గర ఆ హక్కుకి 1986లోనే రాష్ట్రం చట్టం చేసింది. వీలునామా లేని తండ్రి స్వార్జితంలో భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన వాటా 1956 నుంచీ ఉంది. బ్రోకరు మాత్రం "మేడం గారి సంతకం కూడా కావాలట సార్, ఫార్మాలిటీ" అన్నాడు. అమ్మ సంతకం గురించి ఆ మాట కూడా అనలేదు, ఆవిడ పెడుతుంది కదా అని.

గెలిచాననుకున్నాను. అమ్మ ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు బోర్లిస్తూ, నా వైపు చూడకుండా అంది. "గోడ ఉంచితే నాకేం ఒరుగుతుందే? కొనుక్కున్న వాళ్ళకి పనికొస్తుంది, సరే. నేను వెళ్ళేది వాడింటికి. అక్కడ నాకో అర ఉందా అని నువ్వయినా అడిగావా?"

అడగలేదు. కొండాపూర్‌లో మూడు పడగ్గదుల ఇల్లు, అన్ని గదుల్లోనూ నేల నుంచి కప్పుదాకా వార్డ్‌రోబులు, అమ్మకి ఒక గది అని అందరం నిశ్చింతగా ఉన్నాం. వెళ్ళి చూశాను. అమ్మకని చెప్పిన గదిలో వార్డ్‌రోబు నిండా సూట్‌కేసులు, పిల్లల పాత బొమ్మలు, అన్నయ్య ఆఫీసు పెట్టెలు. అమ్మ నాలుగు రోజులు ఉండడానికి వెళ్ళినప్పుడల్లా బ్యాగులోంచే బట్టలు తీసుకుని బ్యాగులోనే పెట్టుకుంటోందని నాకప్పుడు తెలిసింది. గది ఉంది, పెద్దది. ఆ గదిలో ఆమె అతిథి.

నేను వదినతో పోట్లాడడానికే వెళ్ళాను, దాచడం ఎందుకు. వదిన విని, కాసేపు ఆగి, "అత్తయ్య గారికి నేనే ఖాళీ చేయాలి, నిజమే. కానీ ఒకటి చెప్పనా? ఈ ఇంట్లో ఇన్ని తలుపులున్నాయి, ఒక్కదానికీ తాళం పెట్టించలేదు. డిజైన్ చూసి డబ్బు కట్టింది మీ అన్నయ్య. నాకు కూడా నాదంటూ అర లేదు" అంది. ఆ ఆదివారం ఇద్దరం కలిసి ఆ గదిలో వార్డ్‌రోబు ఖాళీ చేశాం. వడ్రంగిని పిలిచి రెండు తాళాలు పెట్టించాం, ఒకటి అమ్మకి, ఒకటి వదినకి. అమ్మ వాటా డబ్బు ఆవిడ సొంత ఖాతాలోకి రావాలని, అది కాగితం మీద రాసుకున్నాకే సంతకాలని అన్నయ్యకి చెప్పాం. అన్నయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నా మీద నమ్మకం లేదా అమ్మా?" అని అడిగాడు. "నమ్మకం ఉందిరా. అర లేదు" అంది అమ్మ.

ఫ్లాట్ ఇంకా అమ్ముడు పోలేదు. గోడ ఉంది, దాని మీద పెన్సిలు గుర్తూ ఉంది. చూడడానికి వచ్చే ఆడవాళ్ళకి ఇప్పుడు స్టోరు రూము తలుపు అమ్మే తీసి చూపిస్తోంది. ఏ అరలో ఏది పడుతుందో, వర్షాకాలంలో ఏ మూల చెమ్మ వస్తుందో చెబుతోంది. ధర సంగతి కూడా వాళ్ళతోనే మాట్లాడుతోంది. బ్రోకరుకి అది నచ్చడం లేదు.